కొండ మీద చెరువు, శివారు మడి

చదువులో నేను ఎక్కిన పెద్ద ఎత్తు బెంచీ ఒక్కటే. ఆరో తరగతి దాకా రోజూ ఎక్కేవాణ్ణి. బడి మానేశాక ఆ వ్యాయామం కూడా లేదు. అలాంటివాణ్ణి, పంతొమ్మిదివందల డెబ్భైల్లో ఓ మాఘమాసపు ఆదివారం, ఇంటిల్లిపాదినీ కొండపల్లి కొండ ఎక్కిస్తానని బయల్దేరదీశాను. పైన కోట దగ్గర చెరువుంది, అక్కడ కూర్చుని పులిహోర తినొద్దామన్నాను.

ఇంటిల్లిపాదీ అంటే నా భార్య, మా చిన్నపిల్ల, మనవరాల్ని చూడ్డానికి పామర్రు వైపు నుంచి వచ్చిన మా మావగారు. ఆయన రానే రానన్నారు. రెండో పంట దాళ్వా రోజులు, ఆయన చేను కాలవ చిట్టచివర. శివారు రైతుకి నీళ్లు వంతు ప్రకారమే వస్తాయి. ఆ వంతు ఆ రోజు పొద్దుగూకే వేళకి. గట్టు మీద మనిషి లేకపోతే పైచేనువాళ్లు బోదె కాలవ తమవైపు తిప్పేసుకుంటారు. నాట్లేసిన మడి అప్పటికే నెర్రెలిస్తోందట. "ఒక్కపూట మాతో కూర్చో నాన్నా" అని మా ఆవిడ అడిగాక కాదనలేకపోయారు. మధ్యాహ్నం బస్సు ఎక్కించే పూచీ నాదన్నాను.

ఎక్కడం మొదలెట్టిన దగ్గర్నుంచీ ఆయనకి కుదురు లేదు. మలుపు మలుపుకీ ఆగి, ఎండ ఎందాకా వచ్చిందో చూడటమే పని. ఇక్కణ్ణించి మీ చేను కనపడదండీ, కృష్ణని చూసి సరిపెట్టుకోండి అని వేళాకోళమాడితే నవ్వలేదు. ఆ తొందర నాకూ అంటుకుంది. మా ఆవిడ రొప్పుతున్నా ఆగనివ్వలేదు.

పైన చెరువు నిండుగా ఉంది, గాలికి తళతళలాడుతూ. పిల్ల కాళ్లు ముంచి కేరింతలు. మావగారు కూర్చుంటేగా! ఆకులో పులిహోర పట్టుకుని గట్టు చుట్టూ తిరుగుతున్నారు. ఏం పారేసుకున్నారని అడిగాను.

"తూము ఎక్కడుందా అని."

తూము లేదు. ఇన్ని నీళ్లు ఎవరి చేనుకీ పోకుండా ఊరికే పడుంటాయన్నది ఆయనకి మింగుడు పడలేదు. ఇంకాసేపు ఉందామని ఏడుస్తున్న పిల్లని ఎత్తుకుని దిగిపోయాం.

దిగేసరికి బస్సు వెళ్లిపోయింది. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. నేను పటమటలో లారీ మెకానిక్కుని కాబట్టి రోడ్డు మీద తెలిసిన బండి దొరక్కపోదు. ఒకటాపి బెజవాడ చేరాం. తల్లీపిల్లల్ని ఇంటిదగ్గర దింపి, మేమిద్దరం ఇంకో లారీ ఎక్కాం. దారంతా ఆయన కాళ్లతో నేలని తొక్కుతూనే ఉన్నారు, బండి తనే నడుపుతున్నట్టు.

పొద్దు వాలుతుండగా చేను చేరాం. పైచేను రైతు అప్పటికే పార పట్టుకుని బోదె దగ్గర నిలబడున్నాడు. మావగారిని చూసి, ఏమీ ఎరగనట్టు చుట్ట వెలిగించుకున్నాడు. నీళ్లు మా మడిలోకే పారాయి. నేను చెప్పులకి బురదంటకుండా గట్టు మీదే ఉండి, ఎటు తిప్పితే బాగుంటుందో సలహాలిచ్చాను.

మడి తడిశాక ఆయన మొహం తేటపడింది. ఇదే అదనని, ఇంతకీ కొండ మీద చెరువు ఎలా ఉంది మావయ్యగారూ అని అడిగాను.

ఆయన పార కడుక్కుంటూ అన్నారు: "అచ్చం మీలాగే ఉందండీ అల్లుడుగారూ. ఎత్తున కూర్చుని తళతళలాడుతుంది. ఒక్క మడికీ పారదు."