వాపసు ఇచ్చిన సెలవు

మా అల్లుడికి సెలవు మంజూరైందని ఫోన్ వచ్చినప్పుడు ఇంట్లో అందరం సంతోషించాం. మా ఆవిడ గోడ మీది క్యాలెండర్ దగ్గరికి వెళ్ళేదాకా ఆ సంతోషం నిలిచింది. అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పు కాబట్టి బాన్సువాడలో మా దగ్గరే ఉంది. డాక్టరమ్మ చెప్పిన తేదీ కంటే ముందే అల్లుడి సెలవు అయిపోతోంది. బిడ్డ పుట్టేసరికి తండ్రి తిరుగు రైల్లో ఉంటాడు.

అల్లుడు సైన్యంలో సిపాయి. ఉత్తరాదిన ఎక్కడో ఉంటాడు. వర్ని దగ్గర కాలువ కింద వరి పండించే కుటుంబం వాళ్ళది, తాతల నాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారు. పెళ్ళి మాత్రం వాళ్ళిద్దరూ కుదుర్చుకొని తర్వాత మాకు చెప్పిందే.

"ఇంకో పది దినాలు ఆగి ఇయ్యుమని అడుగరాదా, బాబూ?" అంది మా ఆవిడ ఫోన్లో.

"అడిగానండీ అత్తయ్యా. ఆ తర్వాత ఎక్సర్‌సైజ్ ఉంది. అందరూ మైదానంలోనే ఉండాలి. సీఓ సాబ్ ఇచ్చింది ఇదే."

సీఓ సాబ్ అంటే వాళ్ళ పటాలానికి పెద్ద, కమాండింగ్ ఆఫీసర్. ఎక్సర్‌సైజ్ అంటే పటాలమంతా కలిసి చేసే యుద్ధ విన్యాసాలు. నేను చాలా ఏళ్ళు ఒక దినపత్రికకు ఈ ఊరి నుంచి వార్తలు రాశాను. ఊరి విలేకరికి సెలవు ఇచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు, సెలవే ఉండదు కాబట్టి. అందుకే ఫౌజు సెలవు సంగతి నాకు అల్లుడి ద్వారానే తెలిసింది. ఏడాదికి ఇన్ని రోజులని లెక్క ఉంటుంది, తండ్రి అయినవాడికి వేరే సెలవు కూడా ఉంటుంది. అయినా అది జేబులో సొమ్ము కాదు. పని ఆగకుండా ఎంతమందిని పంపొచ్చో చూసుకొని సీఓ సంతకం పెడతాడు. వద్దనుకుంటే పెట్టడు. ఇంటికి వచ్చినవాణ్ణి వెనక్కి రమ్మన్నా రావాల్సిందే.

మర్నాడు మా వియ్యపురాలు వర్ని బస్సు దిగి నేరుగా ఇంటికి వచ్చింది. యాసంగి కోతల రోజులు. దారి పొడవునా సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉండటంతో బస్సు నెమ్మదిగా వచ్చిందట. మంచినీళ్ళు తాగకముందే విషయంలోకి దిగింది.

"అన్నయ్యగారూ, పంతులుగారిని అడిగొచ్చాను. అబ్బాయి వచ్చిన మూడో రోజు పొద్దున దివ్యమైన ఘడియ ఉందంట. ఆపరేషన్ చేయించేద్దాం. ఎలాగూ నెలలు నిండినట్టేగా."

మా ఆవిడ వెంటనే ఒప్పుకుంది. "మంచిమాట జెప్పినవు వదినా. ఇద్దరి ముచ్చట తీరుతది."

వాళ్ళను తప్పుపట్టలేను. మా వీధిలోనే ముహూర్తం చూసి కోత పెట్టించుకున్న కాన్పులు ఎన్నో ఉన్నాయి. ఘడియ తప్పుతుందని డాక్టర్‌ను తొందరపెట్టినవాళ్ళూ ఉన్నారు. పెళ్ళికి హాలు మాట్లాడుకున్నంత తేలిగ్గా పుట్టుకకు తేదీ మాట్లాడుకోవడం మాకు అలవాటైపోయింది. మామూలుగా ముహూర్తం నక్షత్రాన్ని బట్టి పెడతారు. ఈసారి పటాలం ఇచ్చిన సెలవును బట్టి నక్షత్రాన్ని వెతికారు.

అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది.

"ఆయన సెలవు కోసం నా కడుపు కోయిచ్చుకోవాల్నా?"

"అట్లంటావేందే? గందరు చేసుకుంటలేరా?" అంది తల్లి.

"అవసరమున్నోళ్ళు చేసుకుంటరు. నాకు అవసరమున్నదో లేదో డాక్టరమ్మను అడుగుదాం. నాయినా, నువ్వు కూడ రా."

ఊళ్ళో సర్కారు దవాఖానకు వెళ్ళాం. డాక్టరమ్మ పరీక్ష చేసి, బిడ్డ చక్కగా ఉందనీ తలకిందకు తిరిగిందనీ చెప్పింది. అమ్మాయి అసలు సంగతి దాచలేదు. సెలవు, ముహూర్తం అన్నీ చెప్పింది. డాక్టరమ్మ నా వైపు చూసింది.

"లీవు అనే జబ్బుకు మేం కోత పెట్టం సార్. అవసరం పడితే ఏ క్షణమైనా చేస్తాం, అప్పుడు ముహూర్తం అడగం. ఇప్పుడైతే అవసరం లేదు."

ఇంటికి రాగానే అమ్మాయి మొగుడికి ఫోన్ చేసి, అందరికీ వినిపించేలా స్పీకర్ పెట్టింది.

"నీ సెలవు వాపస్ ఇచ్చెయ్."

"ఏందే నువ్వనేది? ఇచ్చిన ఛుట్టీ వాపస్ చేసినోడు మా పటాలంలో ఒక్కడు కూడా లేడు. వీడికి అవసరం లేదనుకుంటారు. మళ్ళీ దొరకదు."

"దొరక్కపోతే లేదు. ఇప్పుడొచ్చి నా పొట్ట చూసి పోతవా? నువ్వొస్తే వీళ్ళు నన్ను ఆపరేషన్ బల్ల ఎక్కిస్తరు. కాన్పు అయినంక ఇయ్యుమని అడుగు. ఉన్నది ఉన్నట్టు మొఖం మీద చెప్పు."

"ఆయన ముఖం నువ్వు చూడలేదులే."

"నా మొఖం చూసినవు గద. ఏది భయమో నువ్వే చెప్పు."

అంత కోపంలోనూ వియ్యపురాలికి నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంది.

మా ఆవిడ నా మీదికి తిరిగింది. "ఇన్నేండ్లు పేపర్ల పనిజేస్తివి. నీకు తెల్వని లీడరున్నడా? గా పెద్దసారుకు ఒక ఫోన్ గొట్టియ్యరాదా?"

ఈ ఊళ్ళో పింఛను నుంచి హాస్టల్ సీటు దాకా ఎవరితోనో ఒకరితో చెప్పించడమే పద్ధతి. అందులో తప్పుందని ఎవరికీ అనిపించదు. కానీ ఫౌజులో బయటివాళ్ళతో చెప్పిస్తే, చెప్పినవాళ్ళను ఏమీ అనరు, సిపాయిని నిలబెట్టి అడుగుతారు. ఆ మాటే చెప్పాను. ఆమె నమ్మలేదు. అమ్మాయి మధ్యలో అందుకుంది.

"ఎవ్వరు ఫోన్ చెయ్యొద్దు. ఆయన నోరు ఆయనకున్నది."

రెండు రోజుల తర్వాత అల్లుడు ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. మొదట పైనున్న సుబేదార్ తిట్టాడట. ఆ తర్వాత సీఓ ముందు నిలబెట్టారు. సెలవు ఎందుకు వద్దంటున్నావని ఆయన అడిగితే మనవాడు ఆపరేషన్ సంగతి చెప్పాడు. వాపసు ఇమ్మని ఎవరన్నారని అడిగితే "నా భార్య, సర్" అన్నాడు. "కాన్పయ్యాక నేను ఇవ్వలేకపోతేనో?" అని ఆయన అడిగాడు. "ఎప్పుడిస్తే అప్పుడే రమ్మంది, సర్" అన్నాడు.

"నవ్విండా?" అని అడిగింది అమ్మాయి.

"నవ్వలేదు. నా సెలవు కొట్టేసి, తర్వాత వంతు ఉన్నవాడికి ఇచ్చేశారు. మాట మాత్రం ఇవ్వనన్నారు. పుట్టినప్పుడు వచ్చి చెప్పు, పని కుదిరితే సంతకం పెడతాను, ఎక్సర్‌సైజ్‌లో ఉంటే పెట్టను అన్నారు."

"సరే. అట్లనే."

సరే అన్నంత తేలిగ్గా ఆ రోజులు గడవలేదు. వియ్యపురాలు అలిగి వెళ్ళిపోయింది. పంతులు చెప్పిన ఘడియ వచ్చిన పొద్దున మా ఆవిడ ఎవరితోనూ మాట్లాడకుండా మినపప్పు రుబ్బుతూ కూర్చుంది. అమ్మాయి పెరట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూనే ఉంది. ఒకసారి ఆగి, గోడ పట్టుకొని కళ్ళు తుడుచుకోవడం కిటికీలోంచి చూశాను. నేను బయటికి వెళ్ళేసరికి మళ్ళీ నడుస్తోంది.

డాక్టరమ్మ చెప్పిన తేదీ కూడా దాటాక ఒక పొద్దున నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నం దాటేసరికి దవాఖానలో మామూలు కాన్పే అయింది. ఆడపిల్ల. నర్సమ్మ బయటికొచ్చి చెప్పగానే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. వదలడం మరిచిపోయింది.

అల్లుడికి చేస్తే ఫోన్ మోగలేదు. ఎక్సర్‌సైజ్‌లో ఫోన్లు తీసుకుంటారని ముందే చెప్పాడు. వాళ్ళ ఆఫీసు నంబర్ ఇచ్చి పెట్టాడు. దానికి చేశాను. అవతలి మనిషి నేను హిందీలో చెప్పింది విని, సంతోషం తెలిపి, "ఛుట్టీ గురించి ఏమన్నా చెప్పాలా?" అని అడిగాడు.

ఒక్క మాట అంటే పోయేదేముంది అనిపించింది. పిల్ల బలహీనంగా ఉందనో, తల్లికి బాగోలేదనో. పక్కనే మా ఆవిడ కళ్ళతో సైగ చేస్తోంది. కానీ తల్లీ బిడ్డా బాగున్నారు. ఆ సంగతి నేను అప్పటికే చెప్పేశాను.

"లేదు. కబురు చెప్పడానికే చేశాను" అన్నాను.

మరుసటి సాయంత్రం అల్లుడు ఎవరిదో ఫోన్ అడుక్కొని మాట్లాడాడు. కబురు అందిందట, సీఓ సాబ్ భుజం తట్టి మిఠాయి తెప్పించాడట. సెలవు మాత్రం ఇవ్వలేదు. ఎక్సర్‌సైజ్ అయ్యేదాకా ఎవరూ కదలరని చెప్పాడు.

పిల్లను చూడటానికి వచ్చిన వియ్యపురాలు మంచం పక్కనే ఉంది. "చూశావా? ఆ రోజు నా మాట వినుంటే నా కొడుకు ఇప్పుడు బిడ్డనెత్తుకునేవాడు" అని ఏడ్చింది.

అమ్మాయి పాలిస్తోంది. తల ఎత్తలేదు. "ఎత్తుకుంటడు అత్తమ్మా. బిడ్డ ఎటుపోతది?" అంది. బిడ్డను రెండో పక్కకు మార్చుకొని, "నాకు మాత్రం ఫికర్ లేదనుకుంటున్నవా?" అంది. వియ్యపురాలు ఏడుపు ఆపి కోడలి జుట్టు సవరించింది.

ఎక్సర్‌సైజ్ ముగిసిన రోజే సీఓ సాబ్ సంతకం పెట్టాడు. ముందు ఇచ్చినదానికంటే ఎక్కువ రోజులే ఇచ్చాడు. అల్లుడు నిజామాబాద్‌లో రైలు దిగి బస్సు పట్టుకున్నానని ఫోన్ చేశాడు. మా ఆవిడ వేడినీళ్ళు పెట్టింది, వియ్యపురాలు దిష్టికి ఎర్రనీళ్ళు కలిపింది. బాలింత గడప దాటొద్దని ఇద్దరూ కలిసి చెప్పారు. ఆటో ఆగిన చప్పుడు వినగానే మంచం దిగి అందరికంటే ముందు గేటు దగ్గరికి నడిచింది అమ్మాయే.

"గాలి తగుల్తది, లోపలికి రాయే!" అని మా ఆవిడ అరుస్తోంది.

అల్లుడు సంచీ కింద పెట్టి, ఏం మాట్లాడాలో తెలియక, "నువ్వెందుకు లేచావు? నొప్పి లేదా?" అన్నాడు.

"నడుస్తున్న గద, కనబడుతలేదా? చేతులు కడుక్కో ముందు. నీ బిడ్డ లేచే ఉన్నది."