అప్పజెప్తేనే విన్నట్టు

ఆ నేత మిల్లులో అందరి మాటా వినే మనిషి ఎవరని అడిగితే, నిన్నగాక మొన్న పనిలో చేరినవాళ్లు కూడా తలూపుల మేస్త్రీ అని చెప్పేవారు. ఎవరు వచ్చి ఏం చెప్పుకున్నా ఆయన చేతిలో పని ఆపేవాడు. వాళ్ల ముఖంలోకే చూస్తూ, మధ్యలో ఒక్క మాటైనా అడ్డు రాకుండా, గంగిరెద్దులా తలూపేవాడు. చివర్లో "సరే, నే చూసుకుంటాగా" అనేవాడు. సగం మంది బాధ ఆ మాటతోనే తీరిపోయేది. మిగతావాళ్లది తీరకపోయినా, చెప్పుకున్నామన్న తృప్తి మిగిలేది. పైవాళ్ల మీద మనం పెట్టుకునే ఆశ అంతే మరి, చాలా చిన్నది.

అసలు సంగతేమిటంటే, ఆయనకు వినపడదు.

పుట్టుచెవుడు కాదు. మీసాలు రాకముందే మగ్గం ముందు నిలబడ్డ మనిషి. ఆ మోత కొంచెం కొంచెంగా చెవుల్ని తినేసింది. ముందు పిట్టల కూతలు పోయాయి. తర్వాత చిన్నపిల్లల మాటలు, ఆ తర్వాత ఆడవాళ్ల మాటలు. మేస్త్రీ అయ్యేనాటికి, దగ్గరగా నిలబడి బొంగురు గొంతుతో మాట్లాడేవాళ్ల మాటలు మాత్రం అరకొరగా మిగిలాయి. ఇంట్లో భార్యకు తెలుసు. "అన్నం చల్లారిపోతోందని ఎన్నిసార్లు పిలవాలి? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు" అని విసుక్కునేది. ఒక్కసారి డాక్టరు దగ్గరికి పోదాం రమ్మని పోరు పెట్టేది.

"చెవిటి మేస్త్రీని ఎవరుంచుకుంటారే?" అనేవాడు ఆయన. ఆ భయం ముందు ఏ పోరూ పనిచేయలేదు.

షెడ్డులో ఈ లోపం ఎవరికీ తెలియకపోవడానికి కారణం ఉంది. మగ్గాలు తిరుగుతుంటే అక్కడ అందరూ చెవిటివాళ్లే. అందుకే నేతవాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు విరిచి చూపిస్తే దారం తెగిందని. పిడికిలి గిర్రున తిప్పితే మగ్గం ఆపమని. ఒక అరచేతిలోంచి రెండో చెయ్యి బాణంలా బయటికి విసిరితే, మగ్గంలో దారంతో అటూ ఇటూ పరిగెత్తే నాడె దారి తప్పి దూకుతోందని. అత్తాకోడళ్ల తగాదాల దాకా అన్నిటికీ సైగలున్నాయి, కొన్ని చూస్తే నవ్వాగదు. ఆ భాషకు ఒక్కటే కట్టుబాటు. ఎదుటివాళ్లు చేసిన సైగను చూసినవాళ్లు మళ్లీ అలాగే చేసి చూపించాలి. దాన్ని అప్పజెప్పడం అంటారు, బళ్లో పాఠం అప్పజెప్పినట్టే. అప్పజెప్పకపోతే విన్నట్టు కాదు. 'ఆపు' అన్నది 'నడుపు' అని పొరబడితే పోయేది వేళ్లు కదా! మేస్త్రీ ఈ విషయంలో మహా గట్టివాడు. అప్పజెప్పనివాణ్ణి మగ్గం దగ్గరికే రానిచ్చేవాడు కాదు.

ఇలా ఉండగా కొత్త మేనేజరు వచ్చాడు. ఆయన చెడ్డవాడేం కాదు. పనివాళ్ల గోడు పైవాళ్లు వినాలని ఎక్కడో చదివాడు, నిజంగానే నమ్మాడు. షెడ్డు పక్కన మేస్త్రీకి ఒక గాజు గది కట్టించాడు. మోత లోపలికి రాకుండా తలుపుకు రబ్బరు పట్టీలు వేయించాడు. ఎదురుగా మెత్తని కుర్చీ. "ఇక షెడ్డులో చేతులు ఊపుకోవడం ఎందుకు? ఏదైనా ఉంటే లోపలికొచ్చి, కూర్చుని, ప్రశాంతంగా చెప్పండి" అన్నాడు. ఆ ప్రశాంతతే మేస్త్రీ కొంప ముంచింది. మోతలో అందరితో సమానంగా ఉన్న మనిషి, నిశ్శబ్దంలో ఒంటరివాడయ్యాడు. గదిలో ఎవరూ సైగలు చేయరు. మేస్త్రీ ముందు చేతులు ఊపితే మర్యాదేనా? తల వంచుకుని, మెల్లగా చెప్తారు. తల వంచితే, మాట పోల్చుకోవడానికి పెదవులు కూడా కనపడవు. ఆయన తలూపేవాడు.

ఆ ఏడాది మిల్లు సభలో మేనేజరు ఆయన్ని వేదిక మీదికి పిలిచి, ఎంతో ఓపిగ్గా వినే మనిషని పొగిడి, గోడ గడియారం బహుమానంగా ఇచ్చాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే, ఎవరికోసమో అనుకుని మేస్త్రీ కూడా కొట్టాడు. ఎంత వినయమో అనుకున్నారు జనం.

షెడ్డులో చివరి మగ్గం వదినది. ఆమె అందరికీ వదినే, తనకంటే పెద్దవాడైన మేస్త్రీకి కూడా. ఆమె ఆయన్ని అన్నయ్యగారూ అనేది. ఒకరోజు మధ్యాహ్నం గాజు గదిలోకొచ్చి, కుర్చీ అంచున కూర్చుని, కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"అన్నయ్యగారూ, నా మగ్గానికి అడ్డుకమ్మీ వదులైపోయిందండీ. నాడె ఎప్పుడు బయటికి దూకుతుందోనని భయంగా ఉంది. మీరు చెప్తే గాని ఫిట్టరు రానంటున్నాడు. ఈలోపు నడపమంటారా?"

మేస్త్రీకి వినపడింది 'అన్నయ్యగారూ' ఒక్కటే. అది కూడా వినపడిందో, అలవాటుకొద్దీ తెలిసిందో. ఆమె సెలవు అడుగుతోందనుకున్నాడు. ఆ వంచిన తల, ఆ మొహమాటం సెలవు అడిగేవాళ్లవే. తలూపాడు.

"సరే వదినా, నే చూసుకుంటాగా."

వదిన మనసు కుదుటపడింది. మేస్త్రీ నడపమన్నాడు, ఫిట్టరు వస్తాడు. వెళ్లి మగ్గం నడిపింది. మర్నాడు ఆమె పనిలో కనిపిస్తే, సెలవు మానుకుందేమో అనుకున్నాడు మేస్త్రీ. అదే రోజు, గాజు వెనక నుంచి ఆయన చూస్తుండగానే, ఇనప మొన ఉన్న ఆ కొయ్య నాడె మగ్గంలోంచి దూకి ఆమె ముఖానికి తగిలింది. అరుపు ఆయనకు వినపడలేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కసారిగా పిడికిళ్లు తిప్పడం మాత్రం కనపడింది. ఆపు, ఆపు, ఆపు.

ఆసుపత్రిలో ఆమెకు కుడికంటికి కట్టు కట్టారు. పక్కన కూర్చున్న ఆమె అక్క మేస్త్రీని చూసి లేచింది. ఆవిడది మగవాళ్లలా బొంగురు గొంతు, దగ్గరగా నిలబడేసరికి మాట బాగానే అందింది.

"మిల్లువాళ్లు దీనిదే తప్పంటున్నారయ్యా. ముందుగా ఎవరికీ చెప్పలేదట. వైద్యం తమకు సంబంధం లేదట, పని కూడా తీసేస్తారట. ఇది మీకు చెప్పానంటోంది. మీరే న్యాయం చెప్పాలి."

ఈలోపు మంచం మీంచి వదిన ఏదో అంటోంది. వాచిన పెదవుల మీద మాట ఆనవాలు పట్టడం ఆయన వల్ల కాలేదు. తనకు తెలియకుండానే తలూపాడు. ఊపుతూ ఊపుతూ ఆగిపోయాడు. తన మీద తనకే అసహ్యం పుట్టింది. మంచం పక్కన వంగి, రెండు చెవులూ ముట్టుకుని, అరచెయ్యి అడ్డంగా ఆడించాడు.

వదిన మాట మధ్యలో ఆపేసింది. కట్టు లేని కన్నుతో ఆయన్ని చూసింది. తర్వాత దుప్పటి మీద చేతులు నెమ్మదిగా కదిలాయి. నేను చెప్పాను. నువ్వు తలూపావు.

కట్టుబాటు కట్టుబాటే. మేస్త్రీ అప్పజెప్పాడు. నువ్వు చెప్పావు. నేను తలూపాను. ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది. క్షమించమని అడగడానికి ఆ భాషలో సైగ ఉంది కానీ, ఆ ముఖం తిరిగి ఉండగా ఎవరికి చూపిస్తాడు?

అక్కడి నుంచి నేరుగా మేనేజరు గదికి వెళ్లాడు. మేనేజరు ఒక చేత్తో ఫోను చూసుకుంటూ, రెండో చేత్తో కుర్చీ చూపించాడు. ఆయనది పెద్ద గొంతే.

"రండి మేస్త్రీ గారూ. ఆవిడ మీకు ముందుగా ఏమీ చెప్పలేదు, అంతే కదా? పైకి అలాగే రిపోర్టు రాసి పంపేస్తున్నాం."

ఒక్క తలూపు చాలు. ఇన్నేళ్లు ఊపిన తలకు ఇంకొక్కసారి ఊపడం ఎంత పని? చెవుల సంగతి దాగుతుంది, కుర్చీ ఉంటుంది, ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. మెడ బిగబట్టుకుని నిలబడ్డాడు.

"చెప్పింది సార్. నా గదికొచ్చి చెప్పింది. నాకే వినపడలేదు. ఇప్పుడే కాదు, చాలా ఏళ్లుగా వినపడదు. వినపడినట్టు తలూపుతూ వచ్చాను. నేను నడపమన్నాననుకుని నడిపింది. తప్పు నాది. ఆమె పని తీయకండి, వైద్యం ఆపకండి."

జీవితంలో అంత పొడుగు మాట ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. మేనేజరు కళ్లు ఫోను మీదే ఉన్నాయి. తల మాత్రం నిదానంగా, దయగా, కిందికీ పైకీ ఆడింది.

"సరే, నే చూసుకుంటాను."

ఆ తలూపు మేస్త్రీకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"సార్, నేనేం చెప్పానో ఒకసారి అప్పజెప్పండి."

"ఏంటీ?"

"మా షెడ్డులో అప్పజెప్పకపోతే విన్నట్టు కాదు. మీరిచ్చిన గదిలో కూర్చున్నాక అది మర్చిపోయాను. ఒక మనిషి ఆసుపత్రిలో పడింది. అప్పజెప్పండి సార్."

మేనేజరు ముఖం ఎర్రబడింది. కోప్పడబోయి, ఎందుకో మానుకున్నాడు. ఫోను బల్ల మీద పెట్టాడు. "ఆవిడ... చెప్పలేదు అన్నారు కదా?" అన్నాడు, తడబడుతూ.

మేస్త్రీ మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఈసారి చేతులు కూడా వాటంతటవే కదిలాయి. మేనేజరు ఒక్కో మాటా అప్పజెప్పాడు. ఆమె చెప్పింది. మేస్త్రీకి వినపడలేదు. ఆమె తప్పు లేదు. "అలాగే పంపిస్తాను" అన్నాడు. "మీ సంగతి కూడా అందులో ఉంటుంది మరి" అన్నాడు. ఉండనివ్వండి అన్నాడు మేస్త్రీ.

అప్పుడే బల్ల మీద ఫోను వెలిగింది. మేనేజరు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. పెట్టేసి, తల వంచుకుని, బల్లకేసి చూస్తూ మెల్లగా ఏదో అన్నాడు. మేస్త్రీ మెడ అలవాటుకొద్దీ కదలబోయింది.

"వినపడలేదు సార్" అన్నాడు. "నాకేసి చూసి ఇంకోసారి చెప్పండి."

మేనేజరు తలెత్తాడు. ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

మేస్త్రీ తలూపలేదు. "వదిన కుడి కన్ను పోయింది" అని అప్పజెప్పాడు.