గ్రీకు చదివిన నా రూమ్మేటు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి తన గదిలో యూనివర్సిటీ పరీక్షకోసం గ్రీకు క్రియ ఒకటి వల్లెవేస్తూ, అగోనిజోమై, ఏగోనిజోమేన్, అగోనియూమై అని ఆగిపోతే, వంటింట్లో టీ వడకడుతున్న నేను నాకు తెలియకుండానే ఏగోనిసామేన్ అని అందించాను. “నాన్నా, హౌ యూ నో వన్?” అని ఇక్కడి యాస ఇంగ్లీషులో, నీకెలా తెలుసంటూ బయటికొచ్చింది. ఇన్నేళ్ళుగా ఇంట్లో చెప్పనిది ఇప్పుడేం చెప్పను, నా ఈడువాళ్ళు మీరైతే అర్థం చేసుకుంటారు.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని కంపెనీలు మనవాళ్ళని విమానాల్లో తెచ్చి ఈ దేశంలో దింపుతున్న రోజులవి. ఇక్కడి ఒక పేట, బుకిట్ బటోక్‌లో ఒక తమిళ ఆంటీ ఇంట్లో ఒకే గది, ఒకే మంచం, నేనూ నా రూమ్మేటూ ఇద్దరం. నాది పగటి షిఫ్టు, అతనిది రాత్రిది, కాబట్టి ఒకరి మొహం ఒకరం చూసుకునేదే తక్కువ. అతను గుంటూరు వైపు పాస్టరుగారబ్బాయి. బైబిలు మూలంలో చదువుతానని తండ్రికి మాటిచ్చి, ఆ క్రియారూపాలను తెలుగు లిపిలో రాసి, పోరాడుతున్నాను, పోరాడతాను అని అర్థాలతో సహా బీరువా తలుపుకి రోజుకొకటి అంటించేవాడు. కలిసి తిన్న ఒకే ఒక్క ఆదివారం, గోదాలో కుస్తీకీ, కోర్టులో వాదానికీ, ప్రార్థనలో పెనుగులాటకీ అదే మాటనీ, దాని మూలంలో ఉన్నది జనం గుమిగూడిన చోటనీ వివరించాడు.

“ఎవరో ఒకళ్ళు చూస్తా ఉండాలన్నా,” అన్నాడు.

లేచినవాడు తన దుప్పటి తీసి కిటికీ బయటి వెదురు గడకు ఆరేయాలని మా ఒప్పందం. నెలరోజులుగా అతని దుప్పటి రోజూ తడిగా వేలాడుతుంటే, ఎంత శుభ్రమైన మనిషో అని మురిసిపోయి, మెచ్చుకుంటూ చీటీ కూడా పెట్టిన తెలివి నాది.

ఒక సాయంత్రం తాళం తీసి లోపలికెళ్ళి కూర్చుంటే పరుపు వెచ్చగా ఉంది, గడమీద దుప్పటి నీళ్ళోడుతోంది, బీరువా తలుపు మీద కొత్త కాగితం: ఏగోనిసామేన్, పోరాడాను. ఆంటీ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

“పొద్దున డ్యూటీ నుంచి వచ్చి హాల్లోనే పడిపోయాడు తంబీ. మధ్యాహ్నం హాస్పిటల్లో పోయాడు. నెలగా జ్వరం, చెమటలు. ఒకే రూమ్ కదా, నీకు తెలుసనుకున్నా.”

గదిలోకి ఎవరెళ్ళారని అడిగితే, పొద్దున నువ్వు వేసిన తాళం నువ్వే తీశావు కదా అంది. ఆ దుప్పటిని తాకడానికి నాకు చేతులు రాలేదు. భయంకంటే సిగ్గే ఎక్కువ వేసింది.

ఇప్పుడు మా ఫ్లాట్‌లో ఎవరి గది వారిది, ఎవరి ఏసీ వారిది, ఎవరి తలుపు వారు వేసుకుంటారు. నేను మాత్రం రోజూ సాయంత్రం మా అమ్మాయి తలుపు తట్టి, లోపలికెళ్ళి, నుదుటిమీద చెయ్యి వేసి చూస్తాను. విసుక్కుంటుంది. ఆ విసుగు వింటేగాని నాకు అన్నం సయించదు.