మంచు సముద్రం కింద, పిన్నమ్మ చేని కింద

మదనపల్లెలో మా మేడమీది గదిలో కూర్చుని నేను రోజూ ఆర్కిటిక్ సముద్రం అడుగును చూస్తుంటాను. భూమి లోపల నూనె వెతికే కంపెనీకి నేల పొరల బొమ్మలు చదివిపెట్టడం నా ఉద్యోగం. వాటిలో మునిగితే కిటికీ కింద టమాట లారీల రొద కూడా వినిపించదు. ఒకానొక కాలంలో అక్కడ నేల చీలింది. ఒక పెద్ద ముక్క తలుపు తెరిచినట్టు మెల్లగా పక్కకు తిరిగింది. ఆ సందులోకి సముద్రం వచ్చింది. దక్షిణాన కొండలు లేచాయి, అరిగాయి, వాటి మన్ను పాత బురద మీద పొరలు పొరలుగా పడింది. ఆ బరువుకీ, లోపలి వేడికీ బురదలో చిక్కిన జీవాలు మగ్గి నూనె అయ్యాయి. మంచు రావడం ఎంతో తర్వాతి సంగతి. నా కలలోకి వచ్చేది మాత్రం ఆ మంచు లేని సముద్రమే.

పుంగనూరు దగ్గర మా పిన్నమ్మకు చేనుంది. అందులో బోరు ఎండిపోయింది. కొత్త బోరు వేయడానికి బండి వచ్చి నిలబడ్డాక, నీళ్లెక్కడ పడతాయో పాయింటు చూసి చెప్పే కుప్పం ఆయన జ్వరమని రాలేదు. పిన్నమ్మ ఒక టెంకాయ తెచ్చి నా అరచేతిలో పెట్టింది. కింద నీళ్లుంటే అది లేచి నిలబడుతుందని నమ్మకం.

"యాడో మంచు కింద నూనె కనపడతాది నీకు. నా సేలో నీళ్లు కనపడవా పాపా? ఈసారి పడకపోతే ఆవుల్ని అమ్మేయాల్సిందే."

"అది పొరల నేల పిన్నమ్మా. ఇదంతా ఒట్టి బండ. ఈడ నీళ్లు యాడో పగుళ్లలో ఉంటాయి. నాకేం తెలుస్తాది?"

"తెలిసినంతే సెప్పు. నడువు."

చెప్పులు విడిచి నడిచాను. ఇలాంటివంటే నాకు నమ్మకం లేదు, లోపల ఒళ్లు మండుతోంది కూడా. అయినా ఆ ఎండకు కళ్లు వాలిపోయాయి. అరికాళ్ల కింద నేల మెల్లగా తిరుగుతున్నట్టు, ఎక్కడో సందులోకి నీళ్లు వస్తున్నట్టు అనిపించింది. టెంకాయ లేచి నిలబడింది. నా చెయ్యి వణికిందో, అదే లేచిందో ఇప్పటికీ చెప్పలేను. పిన్నమ్మ అక్కడే ముగ్గుపిండితో గుర్తు పెట్టింది.

సాయంత్రం దాకా అక్కడ బోరు దించినా తెల్లటి రాతిపొడి లేచిందే తప్ప తడి తగల్లేదు. బండి వెళ్లిపోయింది. ఆవులు పొడి పట్టిన మొహాలతో మావైపే చూస్తున్నాయి. నాకు ఏడుపు ఆగలేదు.

పిన్నమ్మ కొంగుతో ముందు నా మొహం తుడిచింది, తర్వాత ఆవులవి.

"ఊరుకో పాపా. ఆ మంచు కాడ మటుకు బాగా సూసి సెప్పు. ఆడా ఎవురో ఒకరు నీ మాట మీదే కాసుకోనుంటారు."