అడగవలసిన మనిషి

నర్సీపట్నంలో జీడిపిక్కల ఫ్యాక్టరీకి ఏళ్ల తరబడి మేస్త్రీగా చేసిన మామ్మగారు మొన్న ఉదయం పోయారు. వాళ్లమ్మాయి ఫోన్ చేసి, "అమ్మ నేదక్కా. బేగి రా," అంది. విశాఖలో బస్సెక్కానుగానీ, ఏ మొహం పెట్టుకుని వెళ్తున్నానో నాకే తెలియలేదు.

నేను బిజినెస్ అనలిస్టుని. ఒక వ్యాపారానికి ఏం అవసరమో కనుక్కుని, సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకు రాసిచ్చే ఉద్యోగం. నా మొదటి పనే ఆ ఫ్యాక్టరీ. అప్పట్లో మామ్మగారు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, కాగితం చూడకుండా పేర్లు పిలిచేవారు. "వచ్చేనమ్మా" అంటూ ఒక్కొక్కరే లోపలికి వెళ్లేవారు. దాని బదులు వేలిముద్రల మిషన్ కావాలన్నారు యజమాని. ఆయన్ని అడిగాను, మేనేజర్ని అడిగాను, పదహారు పేజీలు రాశాను. పిక్కలు కొట్టేవాళ్లను అడగాలని తోచనే లేదు. మిషన్ పెట్టిన రోజు ఆడవాళ్లు వేళ్లు చీరకు తుడుచుకుంటూ, మళ్లీ మళ్లీ అద్దం మీద నొక్కుతూ నిలబడిపోయారు. జీడినూనె ఎప్పుడో తినేసిన వేళ్లవి. గీతలే లేవు.

మామ్మగారు నన్ను తిట్టలేదు. షెడ్డులోకి తీసుకెళ్లి పీట వేశారు. "ముందు కూకో. సూడు. రాత తరవాత," అన్నారు. నేనూ నాలుగు పిక్కలు కొట్టి చూస్తే, మధ్యాహ్నానికి నా వేళ్లూ మండాయి. అప్పుడు యజమాని గురించి అడిగారు, "బాబుగారికి కావాల్సిందేటి?"

"మిషనండీ."

"కాదమ్మా. ఎవులొచ్చేరో తెలాలి. అదీ అవసరం. మిషనంటావా, అది నువ్వు తెచ్చిన జవాబు. దీనివల్ల ఎవులికి బాగుంటాది, ఎవులికి దెబ్బ తగుల్తాది, సూసుకోవాల గదా."

తర్వాత నేను తీసుకున్న ఏ ట్రైనింగులోనూ ఇంతకంటే ఎక్కువేమీ చెప్పలేదు. వేలిముద్రల పద్ధతి తీయించేసి కార్డులు పెట్టించాను. నా తెలివికి మురిసిపోయాను కూడా. కానీ ఆ పదహారు పేజీల్లో ఒక వాక్యం అలాగే ఉండిపోయింది: హాజరు పిలిచే మనిషి ఇక అక్కర్లేదు. రాసింది నేనే. నెల తిరక్కుండా ఆవిడను మాన్పించేశారు.

ఒకసారి బస్సు కోసం నిలబడి ఉంటే అడిగారు, "నన్నొద్దని రాసిందెవులమ్మా?"

"ఆఫీసులో ఎవరోనండీ," అన్నాను.

ఆవిడ నా వంక చూసి, బస్సు రాగానే నన్ను ఎక్కించారు. ఆ తర్వాత వాళ్లింటికి ఎప్పుడు వెళ్లినా పనసతొనలు చేతిలో పెట్టి ఒకటే ప్రశ్న వేసేవారు. "కొత్తపనిలో ఎవుల్ని అడగనేదు?" ఆ ప్రశ్న పుణ్యమా అని నా చేతుల్లో ఇంకెవరి పనీ పోలేదు. ఆవిడకు మాత్రం నిజం చెప్పలేదు. చెప్పడానికి నాకు నాలుగేళ్లు టైము దొరికింది. సిగ్గుగా ఉంది.

మొన్న ఇంటి ముందు ఫ్యాక్టరీ ఆడవాళ్లు వరుస కట్టారు. ఒక్కొక్కరే ఆవిడ దగ్గరికి వెళ్లి, "వచ్చేనమ్మా," అని పక్కకు తప్పుకుంటున్నారు. నేనూ వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక, గుండెల మీద పెట్టిన ఆవిడ చేతుల్ని, నున్నగా అరిగిపోయిన ఆ వేళ్లని చూస్తూ నిలబడ్డాను. నోరు తెరిచాను. వచ్చేనని చెప్పేముందు చెప్పాల్సింది ఇంకొకటుంది.

వెనకున్నావిడ నెమ్మదిగా నా భుజం తట్టింది. "సెప్పమ్మా," అంది.