ఐదో లాల్చీ

నజీర్ భాయ్ దగ్గర బట్టలు కుట్టించుకున్న వాళ్లెవరూ చెయ్యెత్తకుండా దుకాణం దాటలేరు. ఆయన పద్ధతి అది. కుడిచేతి చంక దగ్గర ముందుగా ఎర్రదారంతో కచ్చా కుట్టు వేసి, తొడిగించి, "చెయ్యి మీదికి లేపున్రి" అంటాడు. ఎక్కడా పట్టెయ్యకపోతే మిషన్ కుట్టు వేసి, ఆ ఎర్రదారం లాగి అద్దం పక్కన మేకుకు తగిలిస్తాడు. బట్టకొక దారం. సిద్దిపేటలో ముప్పై ఏళ్లుగా ఇంతే. పక్కనే నా జిరాక్స్ దుకాణం కాబట్టి ఎవరెవరు చేతులెత్తారో అంతా చూశాను. నా పెళ్లి సూటుకు నేనూ ఎత్తాను.

కిందటి నెల ఒక ఎమ్మెల్యే వచ్చాడు. ఏ నియోజకవర్గమో, ఏ పార్టీయో చెప్పను. నజీర్ భాయ్‌కి అన్ని పార్టీల గిరాకీ కావాలి, నాకు అన్ని పార్టీల కాగితాలు కావాలి. కొత్తగా గెలిచిన మనిషి, అసెంబ్లీ సమావేశాలకని ఐదు తెల్ల లాల్చీలు చెప్పాడు. తొడిగి చూసుకునే రోజున ఫోను చెవి నుంచి దించలేదు. చెయ్యెత్తమని నజీర్ భాయ్ రెండుసార్లు అడిగితే కళ్లతోనే ఆగమన్నాడు. "ఎల్లుండే గవర్నర్ ప్రసంగం, జల్ది కానియ్యి" అంటూ పీఏ నెత్తిమీద కూర్చుని, సాయంత్రానికి ఐదూ మడత పెట్టించుకుని పోయాడు.

మర్నాడు పొద్దున నజీర్ భాయ్ మేకు వైపు చూస్తే దారాలు నాలుగే ఉన్నాయి.

దుకాణమంతా ఊడ్చాడు. గుడ్డముక్కల మూట తిరగేశాడు. భార్య రబియాబీ వచ్చి మిషన్ కింద కూడా వెతికింది. ఒక లాల్చీ కచ్చా కుట్టుతోనే హైదరాబాద్ పోయిందని తేలిపోయింది.

"పోతే పోయింది. ఊడితే ఇంకోటి ఏసుకుంటడు" అన్నాను.

"తొడుక్కుంటె ఆగుతది, ఇప్పితె ఆగుతది. చెయ్యి లేపిండనుకో, ఊడి మోచేతికాడికి జారుతది. టీవీల లోకమంత సూస్తది. గీ లాల్చీ ఎవడు కుట్టిండంటరు? సిద్దిపేట నజీర్ కుట్టిండంటరు" అన్నాడు.

పీఏకి ఫోన్ చేశాడు. ఒక లాల్చీ వాపస్ పంపమంటే నమ్మేవాడెవడు? "నీ కొడుకు ట్రాన్స్‌ఫర్ సంగతేమన్న ఉంటె సెషన్ అయినంక రా" అని పెట్టేశాడు. నజీర్ భాయ్‌కి కొడుకులే లేరు.

ఇక ఫోను మిషన్ మీద నిలబెట్టి అసెంబ్లీ చూడటం మొదలైంది. ఐదూ తెల్లవే, ఏ రోజు ఏది తొడిగాడో కుట్టినవాడికీ తెలియదు. గవర్నర్ ప్రసంగానికి ఎమ్మెల్యే బల్ల చరిచాడు. "పర్వాలే, మోచేతి కిందికెల్లే కొడుతుండు" అన్నాడు నజీర్ భాయ్. సంతాప తీర్మానం నాడు సభ్యులంతా చేతులు కట్టుకుని రెండు నిమిషాలు నిలబడితే మనిషికి ప్రాణం లేచివచ్చింది. ఆ పూట నాకు చాయ్ కూడా పోయించాడు.

చిక్కల్లా ఆటో పర్శరాములుతో వచ్చింది. అతని సొంతూరు ఆ ఎమ్మెల్యే నియోజకవర్గంలోనే, వాగుకు అవతల ఉంది. గట్టి వాన కొడితే వాళ్లమ్మను దవాఖానకు తేవాలన్నా వాగు తగ్గిందాకా ఆగాలి. ఈ సభలోనే బ్రిడ్జి అడుగుతానని ఎమ్మెల్యే మాటిచ్చాడట. పర్శరాములు రోజూ వచ్చి స్టూలు మీద కూర్చుని, "లే సారూ, ఒక్కపారి చెయ్యి లేపు" అని ఫోనుకు దండం పెట్టేవాడు. మిషన్ వెనక నజీర్ భాయ్, "యా అల్లా, కూసోబెట్టు" అని గొణిగేవాడు.

రెండో వారం ప్రశ్నోత్తరాల్లో బ్రిడ్జీల మాట రానే వచ్చింది. ఎవరెవరో చేతులెత్తి మైకు అడుగుతున్నారు. మా ఎమ్మెల్యే కాలర్ సర్దుకున్నాడు. పర్శరాములు లేచి నిలబడ్డాడు, నజీర్ భాయ్ కళ్లు మూసుకున్నాడు. ఎమ్మెల్యే జేబురుమాలు తీసి మూతి తుడుచుకుని, పక్కాయనతో ఏదో చెప్పి నవ్వాడు. అంతలో సమయం అయిపోయింది. పర్శరాములు చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఆదివారం సభకు సెలవు. పీఏ ఐదు లాల్చీలూ పట్టుకుని దిగాడు.

"పొట్టకాడ జర వదులు చెయ్యాలె. క్యాంటీన్ తిండి" అన్నాడు. స్టూలు మీదున్న పర్శరాములును గుర్తుపట్టి, "మీ బ్రిడ్జి కోసం సార్ మస్తు కొట్లాడిండు" అని కూడా చెప్పి వెళ్లాడు.

ఐదూ తొడిగినవే, కాలర్ల మీద చెమట మరకలున్నాయి. నజీర్ భాయ్ ఒక్కొక్కటే తిరగేశాడు. ఐదోదానిలో ఎర్రదారం అట్లాగే ఉంది. ఒక్క కుట్టు కూడా సడలలేదు.

పరువు దక్కింది, సంబరపడాలి. ఆయన మాత్రం ఆ చంక వైపే చూస్తూ కూర్చున్నాడు. చివరికి పర్శరాములుకు అంతా చెప్పేశాడు. "చెయ్యి లేవొద్దని నేనే రోజూ దువా చేసిన. మాఫ్ చెయ్యి భాయ్."

పర్శరాములు ఆ దారాన్ని రెండు వేళ్లతో లాగాడు. పుటుక్కున తెగింది.

"నీ దువాకు గంత బలముంటె బ్రిడ్జి నువ్వే తెద్దువు నజీర్ భాయ్" అన్నాడు.

ఆ సాయంత్రమే పొట్టలు వదులయ్యాయి, చంకకు రెండు వరసల మిషన్ కుట్టు పడింది. లాల్చీలు మాత్రం ఇంకా దుకాణంలోనే వేలాడుతున్నాయి. సభ మూడో వారంలో పడింది. పీఏ పూటకోసారి ఫోన్ చేస్తున్నాడు. నజీర్ భాయ్ ఎంతో మర్యాదగా ఒకటే జవాబు చెబుతున్నాడు.

"తయారున్నయి సాబ్. సార్‌నే రమ్మనున్రి. చెయ్యి లేపి సూపెడితెనే ఇస్త."