సిల్వానో పీపాలో ఎవరి చుక్క

మా చిన్నన్నయ్య సిల్వానో కొండ మీద ద్రాక్షతోట పెట్టిన దగ్గర్నుంచీ కింగ్ లోయలో మాకు వినోదానికి లోటు లేదు. ఏడాదికి రెండంటే రెండు పీపాల రెడ్ వైన్ తీస్తాడు. దాని గురించి చెప్పే గొప్పలు మాత్రం ఇరవై పీపాల్లో పట్టవు. ప్రతి సీసా మీదా "ఈ కొండది తప్ప మరో చుక్క లేదు" అని అచ్చు వేయిస్తాడు. చర్చి బయట ఎవరు కనబడ్డా, వాళ్ళకి చదవడం రాదన్నట్టు, అదే మాట మళ్ళీ నోటితో చెబుతాడు.

ఆ గొప్పల్లో ఒకటి మా పెద్దన్నయ్య ఒత్తొరీనోకి తగిలింది. అతని తోట కింద లోయలో, ఏటి పక్కన. "కింద పండే వైన్ కాళ్ళు కడుక్కోడానికి పనికొస్తుంది" అన్నాడు చిన్నవాడు, అమ్మ ఇంట్లో అందరం భోజనం చేస్తుండగా. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అమ్మ పోయిన రోజున కూడా శవపేటికకి చెరో వైపు నిలబడ్డారు. ఆ రోజు ఇద్దరి మీదా నాకు ఒళ్ళు మండింది, ఇప్పటికీ మండుతుంది.

ఈ జులైలో, అంటే మా దేశంలో నడి చలికాలంలో, సిల్వానో భార్య నీవెస్ వదినకి మోకాలి ఆపరేషన్ అయింది. వదిన ఆసుపత్రిలో ఉంటే సిల్వానో మొక్కజొన్న పిండితో పొలెంతా వండబోయి మాడ్చి, తప్పు గిన్నెదని తేల్చి, నన్ను పిలిచాడు. వంటయితే నేను చేసి పెట్టగలను. కానీ పీపాలు నింపే రోజు కూడా వచ్చి పడింది.

చెక్క పీపా తనలోని వైన్‌ని మెల్లగా తానే తాగేస్తుంది. తగ్గినంత మేరా పోసి అంచుదాకా నింపకపోతే గాలి చేరి ఏడాది కష్టమంతా వెనిగర్ అయిపోతుంది. ఆ పని ఎప్పుడూ వదినదే. ఒకప్పుడు పొగాకు ఆరబెట్టిన మా బ్యారనే ఇప్పుడు వైన్ దాచే కొట్టు. బిరడాలు తీసి నేను టార్చి వేశాను. రెండో పీపా నిండుగా ఉంది, వదిన వెళ్ళే ముందు నింపినట్టుంది. మొదటిది బెత్తెడు దిగిపోయింది. నింపడానికని విడిగా దాచిన గాజు జాడీలు చూస్తే అన్నీ ఖాళీ.

సిల్వానో వదినకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. "నీవెస్, నింపే వైన్ ఎక్కడ పెట్టావు?"

"నీ పొట్టలో," అంది వదిన. "రుచి చూస్తున్నానంటూ మే నెలకే లాగించేశావు. ఏటా అంతేగా!"

"మరి ఏటా దేంతో నింపుతున్నావే?"

"మీ అన్నయ్య దగ్గర తెచ్చి."

సిల్వానో పీట మీద కూలబడ్డాడు. నన్నడిగాడు, "ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నీకు తప్ప అందరికీ."

"చర్చి ఫాదర్‌కి కూడానా?"

"ఒకసారి జాడీ కారెక్కించింది ఆయనే."

"వెనిగర్ అయితే అవనీ. వాడి గుమ్మం తొక్కను."

అని పీపా మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాడు. మంచులో వంగి కొమ్మలు కత్తిరించి, వడగళ్ళకి వణికి, పిట్టల్ని తోలి తెచ్చుకున్న పంట. చివరికి టోపీ పెట్టుకుని, "కారు నువ్వు నడుపు, నాకు నడుం నొప్పి," అన్నాడు. నొప్పి నడుంలో కాదని నాకు తెలుసు.

ఒత్తొరీనో వరండాలోనే ఉన్నాడు, పక్కన నిండు జాడీతో. వదిన అతనికీ ఫోన్ చేసి ఉంటుంది.

"ఏరా, దారి గుర్తుందా?"

"పీపా తగ్గింది," అన్నాడు సిల్వానో నేలకేసి చూస్తూ.

"పట్టుకెళ్ళు. మిగిలితే కాళ్ళు కడుక్కో."

సిల్వానో చెవులు ఎర్రబడ్డాయి. ఇక కారు తిప్పాల్సిందే అనుకున్నాను. ఒత్తొరీనో లోపలికెళ్ళి సగం తాగిన సీసా ఒకటి తెచ్చాడు. మా కొండ వైనే.

"నీవెస్ జాడీకి బదులుగా ఏటా ఒకటి ఇచ్చి పోతుంది. ఒక్కటీ వదల్లేదురా, అన్నీ తాగాను."

"ఎలా ఉంది?" సిల్వానో గొంతు చిన్నపిల్లాడిదైపోయింది.

"బాగుంటుంది. నాది కలిశాక బాగుండక ఏం చేస్తుంది?"

ముందు సిల్వానో నవ్వాడు, తర్వాత పెద్దవాడు. నాకైతే ఏడుపొచ్చింది.

జాడీ కార్లో పెట్టాక సిల్వానో వెనక్కి తిరిగాడు. "అన్నయ్యా, ఆదివారం ఇంకో జాడీకి వస్తాను. రెండో పీపా కూడా బాగా తగ్గింది."

రెండో పీపాలో టార్చి వేసి చూసింది నేనే. ఆదివారం కూడా కారు నేనే నడుపుతానన్నాను.